ముట్టించి తెచ్చే పిల్ల

ఎప్పుట్నుంచి తాగుతాండావని అడిగె
ఖైరున్నిసా సిస్టరు, కార్డు మింద పెన్ను పెట్టి.
నెలలు చెప్తే చాలనుకున్నా.
"కడుపు రాకముందు?" అనె.

ముందు అంటే ఎంత ముందు సిస్టరూ?

మా జేజికి పొద్దన్నే బీడీ కావల్ల.
గోడకానుకొని కూచోని
"మే సుంకులూ, రోంత ముట్టిచ్చుకరాపో" అంటాండె.
పొయ్యిలో కట్టె కొన ఎర్రగుంటాది.
బీడీ ఊరికే అంటుకోదు, పీల్చల్ల.
ఒకసారి పీలిస్తే ఆరిపోతాది,
రెండుసార్లు పీలిస్తే నిలబడతాది.
అప్పుడు నాకు ఏడేండ్లు.
పైపండ్లు రెండు ఊడిండాయి,
ఆ సందులో బీడీ సరిగ్గా పట్టె.

ఈ మాట సిస్టరుకు చెప్పలే.
"పనిలోకి పోయినప్పుట్నుంచి" అన్నా.
అదీ అబద్ధం కాదు.

బేతంచర్ల బండల ఫ్యాక్టరీలో
రాయి తడి, మనిషి తడి,
తెల్ల బురద మోకాళ్ల దాకా ఎండి పగుల్తాది.
ఆడ కూచోనీకి ఒగటే లెక్క.
చేతిలో బీడీ ఉంటే మేస్త్రీ ఏమనడు.
వట్టి చేతుల్తో కూచుంటే
"ఏమే, పెండ్లికొచ్చినావా?" అంటాడు.
నడుము నొప్పికి సెలవు లేదు,
ఆకలికి లేదు,
బీడీకి ఉంది.
అది కాలేంతసేపు బండలు నన్ను మర్చిపోతాయి.
సద్దిలోకి సంగటి చాలని దినం
రెండు దమ్ములు మింగితే కడుపు గమ్మునుంటాది.

పెద్దదాన్ని కన్నప్పుడు
కర్నూలు పెద్దాస్పత్రిలో తక్కెట్లో పెట్టిరి.
కిలో తొమ్మిదొందలు.
నర్సమ్మ ఇంకోసారి పెట్టె, ముల్లు కదల్లే.
మా అత్త అనె, గ్రహణం నాడు ఆకుకూర తుంచినావని.
మా ఆడబిడ్డ అనె, దిష్టి అని.
పొగ అని ఎవురూ అనలే.
పదారు దినాలు అద్దాల పెట్టెలో
అది ఎగూపిరి తీస్తాంటే చూడలేక,
గేటు బయట టీ అంగడి తావ నిలబడి
కట్టకు కట్ట కాల్చినా,
భయానికి.

ఇప్పుడు మల్లా నాలుగో నెల.
సిస్టరు కోప్పడలే. అదే కష్టమయ్యె.
"బొడ్డుతాడులో పోయేది అన్నమొక్కటే కాదు సుంకులమ్మా.
మీ ఆయన తాగింది నీకొస్తది,
నీకొచ్చింది దానికి పోతది" అనె.

మద్దిలేటిని బయట తాగమన్నా.
ఎనిమిది దినాలు బయటే తాగె.
తొమ్మిదో దినం వాన.
మా సీమలో వాన రాక రాక వస్తే
మొగుణ్ణి బయటికి పొమ్మని ఎట్లంటాం?

నేను ఇరవై రెండు దినాలు ముట్టలే.
ఇరవై మూడో దినం సగం తాగినా, బండల చాటున.
మిగిలిన సగం బురదలో తొక్కినా.
దాన్ని మానినట్టు రాస్తారో
తాగినట్టు రాస్తారో తెల్దు.

ఇప్పుడు వట్టి చేతుల్తోనే కూచుంటా.
"బీడీ ఏదే?" అనె మేస్త్రీ.
"లోపల ఇంగొగరు దమ్ము తీసుకుంటాండారు" అన్నా.
అర్థమయ్యెనో లేదో, పక్కకు పాయె.
రోంతసేపటికి హుసేనమ్మ వచ్చి పక్కన కూచునె,
ఆమె చేతిలోనూ ఏం లేదు.
ఆమెకు కడుపు గూడ లేదు.

నిన్న మాపున
మంచం మింద్నుంచి మద్దిలేటి అరిచె.
"మే మహేశూ, రోంత ముట్టిచ్చుకరా."

చారు మరుగుతాంది. తిరిగి చూస్తే
నా కిలో తొమ్మిదొందల పిల్ల,
ఏడేండ్లది, పైపండ్లు రెండు లేనిది,
ఆ సందులో బీడీ పెట్టుకొని
పొయ్యిలో కట్టె బయటికి లాగుతాంది.

అరచలే. కొట్టలే.
వంగలేక వంగి
కట్టెకూ బీడీకీ నడుమ నా అరచెయ్యి పెట్టినా.
సుర్రుమనె.

పెన్ను ఈడ పెట్టు సిస్టరూ,
ఈ బొబ్బ మింద.
ముందు అంటే ఎంత ముందో
ఈడ్నుంచి రాయి.